బద్దలుకొట్టని కురిడీ

ఈ ఉదయం పేపర్లో ఒక ఫోటో చూస్తూ కాఫీ చల్లారబెట్టుకున్నాను. ఎక్కడో కొండమీద, టెలిస్కోపు పక్కనుంచి పసుపుపచ్చని లేజరు కిరణం ఆకాశంలోకి నిటారుగా లేచింది. పైనున్న సోడియం పొర అప్పుడప్పుడు ఉన్నట్టుండి చిక్కబడుతుందనీ, అది శాస్త్రజ్ఞులకు ఎప్పటినుంచో తెలిసిందేననీ కింద రాశారు. ఎప్పటినుంచో తెలుసట! ఒళ్ళు మండిపోయింది.

నా ఈడువాళ్ళు నమ్ముతారో లేదో గాని, అంబాజీపేట కొబ్బరి వర్తకుడి కూతురినైన నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన పని అదే. ఉల్కలు కాలి వదిలిన సోడియం తొంభై కిలోమీటర్ల ఎత్తున పల్చగా పరుచుకుని ఉంటుంది. లేజరు తగిలితే అది మెరుస్తుంది, ఆ మెరుపునే నక్షత్రంగా పెట్టుకుని టెలిస్కోపు గాలి వణుకును సరిచేసుకుంటుంది. అక్కడ సోడియం ఎంతుందో కొలిచి రాయడం నా వంతు. ఇంట్లో అర్థం కావాలని ఆకాశంలో ఉప్పు కొలుస్తున్నానని చెప్పాను. పైన ఉప్పు సరిపోయిందా అని మా మేనత్తగారు ఆటపట్టించేవారు. ఆ ముచ్చటను ఆఫీసులో చెప్పుకోవడమే నా బుద్ధితక్కువ.

ఒక రాత్రి అంకె మామూలుకు నాలుగింతలైంది. పరికరం రెండుసార్లు సరిచూశాను, తేడా లేదు. పొద్దున్న మా ఆఫీసరుగారు కాగితం చూసి, "మీ కోనసీమ ఉప్పుగాలి చీరకంటుకుని వచ్చిందేమోనమ్మా!" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన ఎర్ర పెన్సిలుతో ఆ అంకెలు కొట్టేసి, పక్కన "దోషం" అని రాసి, నన్ను సంతకం పెట్టమన్నారు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పెట్టాను.

మా నాన్నగారు నీరింకి లోపల కొబ్బరి గుండులా ఎండిన కురిడీ కాయను చెవి దగ్గర ఊపి, ఆ గుండు పలక్కపోతే పక్కన పెట్టేవారే గాని పారేసేవారు కాదు. నేను చిన్నప్పుడు తొందరపడితే, "బద్దలుకొట్టి చూడకుండా కుళ్ళిపోయిందనకమ్మా, ఆయ్!" అని కసిరేవారు. ఆ మాట ఆఫీసరుగారి ముందు నా నోట ఎందుకు రాలేదా అని ఇన్నేళ్ళుగా నామీద నాకే కోపం.

ఇప్పుడు సగటుకు దూరంగా ఉన్న అంకెలను కంప్యూటరే తీసేస్తుందని, అదే ఆఫీసులో చేరిన మా మేనకోడలు గర్వంగా చెప్పింది. ఎర్ర పెన్సిలు లేదు, నవ్వేవాళ్ళు లేరు. నా రోజుల్లో నిజాన్ని కొట్టేయాలంటే కనీసం ఒక మనిషి సంతకం కావాల్సి వచ్చేది. ఆ సంతకం నాది.