నీళ్ళు నిలబడిన శుక్రవారం

అజ్మతుల్లా ఒంటి మీద తారు వాసన పోదు. స్నానం చేసినా, అత్తరు పూసుకున్నా అంతే. కువైట్ విమానాశ్రయంలో అతను ఎదురొచ్చి పెట్టె అందుకున్నప్పుడే భార్య షాహజాది ముక్కుకు ఆ వాసన తగిలింది. కష్టం చేసే మగవాడి వాసన, దాన్ని ఏవగించుకుంటే పాపం అనుకుని సరిపెట్టుకుంది. ఏవగింపు తర్వాత వచ్చింది. దానికి కారణం వాసన కాదు.

అతనిది రాయచోటి. కువైట్‌కు కూలీగా వచ్చి, మిద్దెలు కారకుండా తారు షీట్లు పరిచి గ్యాస్ మంటతో అతికించే పని నేర్చుకున్నాడు. చాలా ఏళ్ళు ఇంకొకరి కింద ఒళ్ళు కాల్చుకున్నాక కఫీల్, అంటే పూచీ ఉండే కువైటీ, పేరు మీద లైసెన్సు తీయించి సొంత కంపెనీ తెరిచాడు. ఒక పికప్ బండి, కొందరు పనివాళ్ళు, బండి తలుపు మీద పెద్ద అంకెలతో ఫోన్ నంబరు. అదీ కంపెనీ. కూలీగా ఉన్నప్పుడు శుక్రవారమైనా కంటినిండా నిద్రపోయేవాడు. ఓనరు అయ్యాక అదీ పోయింది. పెనం మీంచి పొయ్యిలో పడి, పొయ్యి నాదే కదా అని మురిసిపోయే రకం.

షాహజాది విజిట్ వీసా మీద వచ్చింది ఊరు చూడడానికి కాదు. కూతురు మిస్బాను తీసుకుని ఇక్కడికే వచ్చేయాలా, వద్దా అన్నది తేల్చుకోవడానికి. పెళ్ళయిన నాటి నుంచి మొగుడు ఆమెకు ఫోన్‌లోనే ఎక్కువ. ఇంకో గది ఉన్న ఫ్లాటు చూశాననీ, మిస్బాకు బడి కూడా మాట్లాడాననీ, ఆమె ఊ అంటే చాలనీ చెప్పాడు. నిజానికి ఊ అందామనే ఆమె వచ్చింది.

వచ్చింది సరిగ్గా తొలి వానల ముందు. కువైట్‌లో వాన కురిసేది కొద్ది రోజులే గానీ, ఆ వాన భయం మాత్రం ఊరందరికీ ఒక్కసారే పుడుతుంది. ఎండకు మిద్దె నెర్రెలు విచ్చినా తలెత్తి చూడనివాళ్ళు మబ్బు కనపడగానే అజ్మతుల్లాకు ఫోన్ చేస్తారు. అన్నం ముందు కూర్చుంటే ఫోన్. నమాజుకు లేస్తే ఫోన్. నోట్లో ముద్ద పెట్టుకునే, ఇళ్ళ యజమానురాళ్ళను అక్కడ పిలిచే తీరులో "వస్తుండా మామా, వస్తుండా" అని మెతుకులు రాల్చుకుంటూ మాట్లాడేవాడు. ఆ మెతుకులు ఏరి ఆమే పారేసేది. పనివాళ్ళను పంపొచ్చు కదా అంటే, వాళ్ళు చూస్తే చూసినట్టు కాదనేవాడు. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి ఎట్లా తెల్లవారుతుందన్న ముసలమ్మకు తమ్ముడు ఇతను.

అయితే ఆ పనిలోనే ఒక సెలవు ఉంది. షీట్లు అతికించాక మిద్దె మీది గొట్టాలు మూసేసి, చీలమండ దాకా నీళ్ళు నింపి రెండు రోజులు వదిలేస్తారు. కింద స్లాబుకు చెమ్మ దిగకపోతే పని గట్టిదని లెక్క. నీళ్ళు నిలబడి ఉన్నంతసేపు ఆ మిద్దె మీద ఎవరికీ పని లేదు. జాబ్రియాలో ఒక విల్లాకు గురువారం నీళ్ళు నిలబెడతాననీ, శుక్రవారం పొద్దంతా ఆమెదేననీ, సముద్రం చూపిస్తాననీ అజ్మతుల్లా మాటిచ్చాడు. రాయచోటి మనిషి సముద్రం ఎప్పుడు చూసింది గనక? పొద్దున్నే లేచి ఓళిగలు చేసి డబ్బాలో సర్దుకుంది. బురఖా కింద ఎవరికీ కనపడదని తెలిసీ కొత్త చీర కట్టుకుంది.

బండి జాబ్రియాలో ఆగింది. ఒక్క నిమిషం రమ్మని ఆమెను విల్లా వెనక మెట్ల మీదుగా పైకి తీసుకుపోయాడు. మిద్దె నిండా నీళ్ళు, నల్లటి తారు మీద మురికిగా మెరుస్తున్నాయి. పావురాల రెట్టలు తేలుతున్నాయి. అతను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి ఆ నీళ్ళలోనే వేశాడు.

"చూడమ్మే, ఇది మాత్రం సముద్రం కాదా? గాలి గూడా వస్తాంది. ఈన్నే తిందాం. నీళ్ళు ఏమన్నా తగ్గుతాండాయేమో చూసుకున్నట్టూ ఉంటాది."

తమాషాకేమో అని ఆమె అతని మొహంలోకి చూసింది. తమాషా కాదు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు కొట్టానన్న సంబరం ఆ మొహం నిండా ఉంది. పాదాలు తడవకుండా ఆమె మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

అంతలో ఆ ఇంట్లో పనిచేసే కళావతి టీ తెచ్చింది. ఆమెదీ అన్నమయ్య జిల్లానే. ఇంటి యజమానురాలు మామా ఇంకా లేవలేదని చెప్పి, తెలుగు మొహం కనపడిన సంతోషంలో షాహజాదితో మాటలు పెట్టుకుంది.

"ఈ అన్న మాదిరి మనిషి దొరకడక్కా. మా మామా అందరికీ ఈయన పేరే చెప్తాది. పెండ్లాం బిడ్డలు లేరంట, ఏ పొద్దు పిలిచినా వస్తాడంట. మీరేమైతారు అన్నకు?"

షాహజాది మొగుడి వైపు చూసింది. అజ్మతుల్లా టీ గ్లాసు అందుకుని, దాంట్లోకి చూస్తూ చెప్పాడు.

"మా ఊరామె."

కళావతి "మంచిదక్కా" అని తలాడించి దిగిపోయింది.

అప్పుడు పుట్టింది షాహజాదికి అసలైన అసహ్యం. అతను గబగబా సర్దిచెప్పబోయాడు. అది వ్యాపారానికి చెప్పే మాటేనట. సంసారం ఉన్నవాడు రేపొస్తానంటాడని గిరాకీలు నమ్మరట. ఎవరూ లేనివాణ్ణయితే ముందు పిలుస్తారట. అందరూ ఏదో ఒకటి చెప్పుకుంటారట. తన మనసులో ఏమీ లేదని మిస్బా మీద ఒట్టు వేయబోయాడు. లేదని చెప్పుకున్న బిడ్డ మీదే ఒట్టు.

"ఆ బిడ్డ పేరెత్తొద్దు. వాళ్ళకు నువ్వు అబద్ధం చెప్పలేదులే. ఉన్నమాటే చెప్పినావు. మీరు కావాల, వచ్చేయండని మాకు చెప్పినావు చూడు, అదే అబద్ధం."

అతనికి అబద్ధం చెప్పలేదన్న ముక్క ఒక్కటే చెవికెక్కినట్టుంది. మొహం తేటపడింది.

"అయితే కోపం లేదు గదా?"

"కోపమైతే ఈన్నే ఉండి నీతో కొట్లాడుదును," అంది షాహజాది. "నాకు అసయ్యం పుట్టింది. నేనూ మిస్బా రాము."