కిలోమీటరు అయిపోయాక

ఫిబ్రవరి పదమూడు, శుక్రవారం. ఈ రోజు మొదటి కబురు నేను పూర్తిగా నిద్ర లేవకముందే ఫోనులో వచ్చింది. "రేపు నడక ఉండదమ్మా. దారి మూసుకుపోయింది."

మా ఇంటి బామ్మగారు మంగళవారం నిద్రలోనే పోయారు. ఫోను చేసింది ఆవిడ కొడుకు. మేం ఆయన్ని అంకుల్ అంటాం. ఆవిడ నాకు చుట్టం కాదు. కెనడాలోని రెజైనాలో మేం ఇద్దరమ్మాయిలం అద్దెకుండే బేస్‌మెంట్‌కి పైఇంట్లో ఉండే రష్యన్ ముసలావిడ. అయినా ఆ మాట వినగానే నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. ఎందుకో చెప్పాలంటే మీకు ముందు ఒక పాత కొలత గురించి చెప్పాలి.

నేను వచ్చిన కొత్తలో బామ్మగారు నన్ను రోజూ ఉదయం సరస్సు ఒడ్డున నడకకు తీసుకెళ్ళేవారు. మొదటి రోజు నా ఫోను "వన్ కిలోమీటర్" అని పలకగానే వెనక్కి తిరిగాను. ఆవిడ ఆగలేదు.

"అయిపోయింది కదా బామ్మగారూ!"

"నీ ఫోనుకి అయిపోయింది. నాకింకా ఉంది."

కిలోమీటరు దాటి ఇంకో అరవై ఏడు మీటర్లు నడిస్తే ఒక వెర్స్తా. ఆవిడ తాతలు రష్యా నుంచి ఈ గడ్డ మీదికి వచ్చినప్పుడు విత్తనాలతో పాటు తెచ్చుకున్న దూరం అది. ఆ మాటకు మూలం 'మలుపు' అని ఆవిడే చెప్పారు. నాగలి ఒక చాలు దున్నుకుంటూ పోయి, చివర పశువులను మళ్ళించేదాకా ఎంత దూరమో అదే వెర్స్తాకి పుట్టుక అట. తర్వాత రాజులు దాన్ని కొలబద్దలకు ఎక్కించారు, ఇంకో ప్రభుత్వం వచ్చి మీటర్లు పెట్టి తీసేసింది.

ఒక మాట లోపల ఒక నాగలి ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఆ సాయంత్రం అనంతపురంలో ఉన్న మా తాతకు వీడియో కాల్ చేసి, మన పాత కొలత కోసు అంటే ఎంత దూరం అని అడిగాను. "ఎంతంటే ఏం జెప్పేది మ్మా, నడిస్తే తెలుస్తాది" అన్నాడు. బామ్మగారికి చెబితే కప్పులోంచి టీ ఒలికేలా నవ్వారు. "మీ తాతని నా దగ్గరికి పంపు. మాకు మాటలు కుదురుతాయి."

ఆవిడ టీలో చక్కెర వేసుకునేవారు కాదు. స్పూనుతో చెర్రీ జామ్ నోట్లో పెట్టుకుని, దాని మీదుగా టీ తాగేవారు. బస్టాపు దూరమని మేం గొణిగితే వాళ్ళ సామెత ఒకటి విసిరేవారు: "పిచ్చికుక్కకి ఏడు వెర్స్తాలు చుట్టుదారి కాదు." నా రూమ్మేటుది వరంగల్, మనిషి బాగా పొడుగు. పూర్వం రష్యాలో రాజు వెళ్ళే దారికి ఎత్తైన వెర్స్తా స్తంభాలు పాతారట. అందుకని నా రూమ్మేటుని చూసినప్పుడల్లా "వచ్చిందమ్మా స్తంభం" అనేవారు. "గీ ముసల్దానికి నా పొడుగు మీదనే కన్ను" అని అది ముసిముసిగా నవ్వుకునేది.

ఒకసారి నేను కొంచెం తెలివి చూపించబోయాను. "అది రద్దయిన కొలత కదా బామ్మగారూ. ఇప్పుడు లేదు."

ఆవిడ చేతికర్ర నేలకు ఆనించి నిలబడ్డారు. "చిన్నప్పుడు బళ్ళో వ్యాసంలో వెర్స్తా అని రాస్తే టీచరు ఎర్రసిరాతో కొట్టేసింది. కింద మళ్ళీ అదే రాశాను. తర్వాత ఇక్కడి ప్రభుత్వం మైళ్ళ బోర్డులు పీకి కిలోమీటర్ల బోర్డులు పాతింది. రద్దు చేసినవాళ్ళందరూ పోయారు పిల్లా. దూరం అక్కడే ఉంది."

వాళ్ళ పల్లె ఇక్కడికి మూడు గంటల డ్రైవ్. అక్కడ ఆవిడ తాత ఇంటికి సరిగ్గా ఒక వెర్స్తా దూరంలో శ్మశానానికి చోటు ఎంచాడు. వాళ్ళింట్లో పోయినవాళ్ళు ఆ దూరం బండిలో వెళ్ళరు. భుజాలు మార్చుకుంటూ మనుషులే మోస్తారు. "అమ్మని అలా పంపాను, ఆయన్ని అలా పంపాను. నన్నూ అలాగే పంపాలి" అని ఆవిడ మా ముందే కొడుకుతో అన్నారు. ఆయన తల ఊపారు.

బుధవారం గొయ్యి తవ్వారు. నిన్న మంచుతుఫాను వచ్చింది. మంచు తీసే బండి శ్మశానం దారిలో చివరి ఇంటి గేటు దాకా వచ్చి, అక్కడ మలుపు తిరిగి వెళ్ళిపోయింది. గేటు అవతలది ప్రభుత్వ రోడ్డు కాదట. ట్రాక్టరున్న పొరుగువాళ్ళు చలికాలం ఊళ్ళో ఉండరు. అందుకని రేపు ఆ పల్లె ఇంట్లో ప్రార్థన చేసి, శవపెట్టెను మళ్ళీ టౌనులోని మార్చురీకి పంపి, మంచు కరిగాక ఏప్రిల్లో పాతిపెడదామని అంకుల్ నిర్ణయించారు.

"అంకుల్, ఇంటి నుంచి ఆ గేటు ఎంత దూరం?"

"ఒక కిలోమీటరు."

నేను లేచి కూర్చున్నాను. ప్రభుత్వం తన కిలోమీటరు తాను ఊడ్చిపెట్టింది. మిగిలింది ఆవిడది.

"మిగిలింది మేం తవ్వుతాం."

"మైనస్ ఇరవై ఎనిమిదమ్మా. నడుము లోతు ఉంది. మీకెందుకు ఈ కష్టం?"

"ఆవిడని కిలోమీటరు దగ్గర ఆపేస్తారా అంకుల్? ఒక్కరోజైనా ఆగారా ఆవిడ అక్కడ?"

ఆయన గొంతు మారింది. "అచ్చం మా అమ్మలాగే విసిగిస్తున్నావు. సరే. పొద్దున ఏడున్నరకి నేనూ పారతో గేటు దగ్గరుంటా. పెట్టె టౌనుకు పోదు."

రూమ్మేటు దుప్పట్లోంచి తల బయటపెట్టింది. "ఏందే, పిచ్చి లేసిందా నీకు? రేపు నాకు షిఫ్ట్ ఉంది."

"నువ్వు రావద్దులే."

"రానని ఎవరన్నరే? షిఫ్ట్ ఉందన్న, గంతే. మేనేజర్‌కి మెసేజ్ పెడ్త. పారలు ఎన్నున్నయ్ చెప్పు ముందు."

మధ్యాహ్నానికి మా క్లాసు అబ్బాయిలు ఇద్దరు కారుతో సహా ఒప్పుకున్నారు. పారలు నాలుగు దొరికాయి. అందులో ఒకటి బామ్మగారిదే, పిడికి గుడ్డ చుట్టి ఉంది. వాతావరణం చూసుకున్నాం. రాత్రికి ఇంకో రెండు అంగుళాలు పడుతుందట. పడనీ.

రేపు తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరుతున్నాం. అబ్బాయిలు అంకుల్‌తో గేటు వైపు నుంచి మొదలుపెడతారు. మేమిద్దరం నడుము లోతు మంచులో తొక్కుకుంటూ అవతలికి పోయి, గొయ్యి వైపు నుంచి తవ్వుకుంటూ వస్తాం. మధ్యలో ఎక్కడో ఒకచోట పారకి పార తగులుతుంది.