మాస్టారి కాలికింది బ్రేకు

డ్రైవింగ్ నేర్పే ఆయనకు ఊరంతా కలిసి పెట్టిన పేరు బ్రేకు మాస్టారు. నేర్పే కారులో ఆయన కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. అది తొక్కి ఎన్ని గోడల్ని, ఎన్ని కుక్కల్ని కాపాడారో ఆయనకే గుర్తు లేదు. స్టీరింగు చూస్తేనే వణికిపోయే బ్యాంకు మేనేజరుకీ, ఎడమేదో కుడేదో తేలని బట్టల కొట్టు యజమానికీ ఓపికగా నేర్పి లైసెన్సులు ఇప్పించిన మనిషి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చంతా గెలిచొచ్చి ఇంట్లో బోల్తా పడ్డారు. కన్నకూతురు పరీక్ష తప్పింది.

తప్పడమంటే అలా ఇలా కాదు. ఎదురుగా అడ్డం పెట్టిన డ్రమ్మును తిన్నగా వెళ్లి గుద్దింది. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం ఖాయమై ఉంది. వ్యాను నడుపుకుంటూ ఇళ్లకు వెళ్లి నమూనాలు తేవాలి. నెలాఖరులోగా లైసెన్సు చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది. క్లచ్చు గురించి, గేర్ల గురించి, ఈ కాలం పిల్లల పరధ్యానం గురించి దారిపొడుగునా వాయించారు. అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక కూడా ఆయన వదల్లేదు. అంత పెద్ద డ్రమ్ము కనబడలేదా అని మళ్లీ అడిగేసరికి అమ్మాయి విసిగిపోయింది.

"కనబడింది నాన్నా. అలవాటుకొద్దీ నువ్వు తొక్కుతావులే అనుకున్నా. పక్కనున్నది ఇన్‌స్పెక్టరని గుర్తొచ్చేలోపే గుద్దేశాను."

మాస్టారికి ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తోచలేదు. అందరికీ ఇలాగే నేర్పాను కదా, వాళ్లకొచ్చింది దీనికెందుకు రాలేదని భార్యను నిలదీశారు.

"వాళ్లు నడిపితే గోడ దగ్గరికి వెళ్లాక మీరు బ్రేకు తొక్కుతారు. ఇది నడిపితే గోడ కనబడితే చాలు, తొక్కేస్తారు" అందావిడ, బట్టలు మడతపెట్టడం ఆపకుండానే.

మర్నాడు మాస్టారు ముఖం ముటముటలాడించుకుంటూ వెళ్లి వెనక సీట్లో కూర్చున్నారు. కాళ్ల కింద రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు. దాన్నే తొక్కుతూ పోయారు. కాలికన్నా నోటిని అదుపులో పెట్టుకోవడం కష్టమైంది. మలుపు మలుపుకీ ఒక సలహా గొంతుదాకా వచ్చేది, మింగేవారు. అంతలో ముందు వెళ్తున్న నీళ్ల ట్యాంకరు ఆగింది. కారు వేగం తగ్గలేదు. ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా పెదవి విప్పలేదు. అమ్మాయి తొక్కింది, ఆలస్యంగా, గట్టిగా. కారు ఆగింది. మాస్టారి నుదురు ముందు సీటుకు ఠపీమని కొట్టుకుంది.

"దెబ్బ తగిలిందా నాన్నా?"

"తగిలింది. నువ్వు ముందుకు చూడు."

అమ్మాయి పరీక్ష గట్టెక్కిన రోజుకు కూడా బొప్పి తగ్గలేదు. పరీక్ష పెట్టే మైదానం గేటు బయట నిలబడి ఉంటే పాత శిష్యుడొకడు చూసి, ఎక్కడ గుద్దించుకున్నారు మాస్టారూ అని అడిగాడు. కసిరి పంపేద్దామనే అనుకున్నారు.

"మా అమ్మాయి తనంతట తాను బ్రేకు వేసిందయ్యా" అన్నారు.