రెండు సర్వర్లూ పెద్దరికం చేసిన మధ్యాహ్నం

మా ఆయన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "ఆసుపత్రిలో కంప్యూటర్లు ఆగకుండా చూస్తారు" అని ఊరుకుంటాను. అంతకుమించి చెప్పబోతే వినేవాళ్లకు ఆవలింతలు వస్తాయి. అదే ఆసుపత్రిలో నర్సుని కాబట్టి నాకు ఆ మాత్రమైనా తెలుసు. రోగుల వివరాలుండే డేటాబేస్‌ని ఆయన రెండు సర్వర్ల మీద నడుపుతాడు. ఒకటి పనిచేస్తుంటే రెండోది దాన్ని చూసి రాసుకుంటూ ఉంటుంది. మొదటిది పడిపోతే రెండోది పగ్గాలు అందుకుంటుంది. ఇంట్లోనూ ఇదే పిచ్చి. టార్చిలైట్లు రెండు, గొడుగులు రెండు. "నాకు బదులు ఎవర్ని సిద్ధం చేశారు?" అని ఏడిపిస్తే చెవులదాకా ఎర్రబడతాడు.

ఆ ఏర్పాటులో ఒక కటువైన నియమం ఉంది. రెండోది పగ్గాలు పట్టేముందు మొదటిదాని కరెంటు తీసేయాలి. అది నిజంగా పోయిందో, ఊరికే పలకడం లేదో దూరం నుంచి తెలియదు కదా! రెండూ ఒకేసారి నడిస్తే రాతలు చెరోదాంట్లోకి పోతాయి. ఒకసారి తప్పుడు హెచ్చరిక వచ్చి, ఈ నియమం కాస్తా నిక్షేపంలాంటి సర్వర్‌ని ఆపేసింది. సూపరింటెండెంటు ఒంటికాలి మీద లేచాడు. "ఇంకోసారి ఆగిందంటే ఇంటికే" అన్నాడు. మా ఆయన భయపడి, కారణం తేలేదాకా అనుకుని ఆ నియమాన్ని తీసేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాక్కూడా.

ఒక మధ్యాహ్నం గోడలు తొలిచే పనివాళ్లు రెండు సర్వర్ గదులను కలిపే కేబుళ్లు తెంపేశారు. మొదటిది పోయిందనుకుని రెండోది పగ్గాలు పట్టింది. మొదటిదేమో తన పని తాను చేసుకుంటూనే ఉంది. మా వార్డు రాతలు ఒకదాంట్లోకి, మందుల విభాగం రాతలు ఇంకోదాంట్లోకి పోయాయి. ఏదీ ఆగలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

సరిగ్గా అప్పుడే నా వార్డులోని ముసలి దర్జీకి ఒక ఇంజెక్షన్ పడదని ఆయన కూతురు చెప్పింది. కంప్యూటర్లో ఎక్కించి, డ్యూటీ దిగి ఇంటికొచ్చాను. ఈలోగా మా ఆయన సంగతి పసిగట్టి, తన చేతులతోనే అంతా ఆపాడు. రాతలెక్కువున్న మందులవైపు సర్వర్‌నే ఉంచి మళ్లీ నడిపించాడు. మా వార్డు రాతలున్నదాని నకలు దాచాడు, తీరిగ్గా కలుపుదామని. వార్డులకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

సాయంత్రం డ్యూటీ నర్సుకి తెర మీద నేను రాసింది కనిపించలేదు. ఆ ఇంజెక్షనే ఇచ్చింది. దర్జీ ముఖం వాచి, ఊపిరాడక, ఐసీయూలో పడ్డాడు. నేను రాయకుండానే రాశానంటున్నానని అందరూ ఫోన్లు చేసి నా మీద పడ్డారు.

ఇంట్లో వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన ఎదురుగా కూర్చుని "నిజంగా రాశావా?" అని కూడా అడగలేదు. నమ్మడం లేదనుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. తలొంచుకుని పడ్డాడు.

మర్నాడు విచారణ గదిలోకి ఎవరూ పిలవకుండానే వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి సూపరింటెండెంటు ముందు పెట్టాడు.

"ఆవిడ రాసింది సార్. ఇదిగో, ఇది నేను పక్కన పెట్టిన సర్వర్లోది. రెండూ ఒకేసారి నడవకూడదు. నడవకుండా ఆపే నియమం నేనే తీసేశాను."

"ఎందుకు తీశావయ్యా?"

"ఆగితే మీరు తిడతారని."

మధ్యాహ్నానికి ఆయన ఉద్యోగం పోయింది.

బయట మెట్ల మీద దర్జీ కూతురు కూర్చుని ఉంది. తండ్రికి ఇంకా స్పృహ రాలేదు. ఆమెను దాటుకుని గేటు దాకా వచ్చాక నాకు కోపం ఆగలేదు.

"నిన్ననే చెప్పొచ్చుగా? నేనంత ఏడుస్తుంటే ఎలా చూస్తూ కూర్చున్నారు?"

"చెబితే వద్దనేదానివి."

ఆ మాట కొట్టిపారేద్దామని నోరు తెరిచాను. నిజమే, వద్దనేదాన్ని. నింద నేను మోస్తాను, మీ ఉద్యోగం నిలబెట్టుకోండి అనేదాన్ని. మెట్ల మీది ఆ పిల్ల నాకు గుర్తొచ్చేది కూడా కాదు.