పడమటి గోడ గచ్చు

మా మేనమామ పోయి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. మా ఊరు ఖేడ్‌లో ఆయన్ని ఎరగని ఇల్లు లేదు కనుక కబురు అందరికీ చేరే ఉంటుంది. ఎలా పోయాడో మాత్రం నేనే చెప్పాలి. చెప్పకపోతే నాకు ముద్ద దిగదు.

మా అమ్మ పోయాక నన్ను సాకింది ఆయనే. గచ్చు మేస్త్రి. జడివాన తగిలే బయటి గోడలకు సున్నం, ఇసుక కలిపి దూరంగా నిలబడి చేత్తో విసిరి కొట్టేవాడు. అందరూ జల్లించిన సన్న ఇసుక వాడితే, ఈయన సన్నది పారబోసి జల్లెట్లో మిగిలిన ముతక పలుకులు తీసుకునేవాడు. ఇరవై ఏళ్ళు ఆ జల్లెడ పట్టింది నేనే. ఆరిన గోడకు నా చెయ్యి ఆనించి, "అరచెయ్యి గీరుకోవాలె బిడ్డా, గప్పుడే అది గోడ" అనేవాడు.

కన్నడ సరిహద్దున ఉన్న నాగల్‌గిద్ద మనిషి కదా, వద్దనడానికి కన్నడంలో "బేడ" అనేవాడు. విసిరిన గచ్చు మీదికి ఎవరైనా తాపీ ఎత్తితే చాలు, "బేడ! గట్లనే ఉండనియ్. నున్నగ చేస్తే పొట్టు లెక్క ఊడుతది" అని అరిచేవాడు.

కల్హేర్ దాకా గోడలకు గచ్చు కొట్టిన మనిషి తన ఇంటి పడమటి మట్టిగోడను మాత్రం అలాగే వదిలేశాడు. వచ్చే ఎండాకాలం, వచ్చే ఎండాకాలం అంటూనే మంచం పట్టాడు. ఉన్నది ఒక్కటే గది. ఒకటే దగ్గు, ఊపిరాడదు. చెమ్మ తగిలితే బతకడని హకీం చెప్పి వెళ్ళాడు. మిరుగు వానలు దగ్గరికొచ్చాయి, మేస్త్రీలెవరూ దొరకలేదు. నేనే కలిపి నేనే విసిరాను.

పక్కింటామె చూసి నవ్వింది. "ఏందే, గోడకు గజ్జి లేచినట్టున్నది? జర సాపు చెయ్."

సిగ్గేసింది. తాపీ తీసుకున్నాను. ఆ గీకుడు చప్పుడు లోపలికి వినబడింది.

"బేడ బిడ్డా... ముట్టకు."

"అయిపాయె మామా, ఇగ పండుకో" అన్నాను. ఆయన మాట పెడచెవిన పెట్టి, చెయ్యి అందినంత మేర గోడను నున్నగా చేశాను.

మూడో వానకు ఆ గచ్చు పలకలు పలకలుగా జారింది. మట్టి నాని లోపలికి నీరు దిగింది. మంచం జరిపాను, గోనెలు అడ్డం కట్టాను, దేవుళ్ళందరినీ తిట్టాను. చెమ్మ ఆగలేదు. నాలుగో రోజు పొద్దున ఆయన ఊపిరే ఆగింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేది!

గోడ నుంచి కరిగిన మట్టి కింద కుప్పపడి ఉంది. పైన చూరు కింద జానెడు గచ్చు మాత్రం మిగిలింది. విసిరినప్పుడు అంత ఎత్తుకు పోయింది కానీ, తాపీతో నాకు అందలేదు. నిన్న ఆ మట్టి కుప్ప మీదికెక్కి అరచెయ్యి ఆనించి చూశాను.

గీరుకుంది.