రాజేశమన్న ఇంజన్‌కు నేను కట్టిన గుడ్డ

గుప్పెడు నల్లగుడ్డకు బరువెంత ఉంటుంది? ఏళ్లుగా నేను మోస్తున్నది అంతే. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల మొహం చూస్తే నోరు పెగలదు.

నాది కోరుట్లలో బండ్లు బాగుచేసే షెడ్డు. దోస్తు రాజేశమన్న దుబాయ్ నుంచి తిరిగొచ్చాక పెగడపల్లి దగ్గర తన పొలం కొట్టంలో సొంతంగా చిన్న విమానం కట్టుకున్నాడు. అల్యూమినియం పైపులు, గుడ్డ రెక్కలు, ఒక్కడికే సీటు. ఇక ఇంజన్ కావాలి. స్కూటర్ ఇంజన్ చూపిస్తే ఎత్తి చూసి బరువన్నాడు. పంటకు మందు కొట్టే మిషన్‌ది చూపిస్తే బలం చాలదన్నాడు. చివరికి జగిత్యాల పాతసామాన్ల దుకాణంలో ఒక టూ స్ట్రోక్ బైకు దగ్గర ఆగిపోయాడు. తేలిక, బలం రెండూ ఉన్నాయి. కానీ ఆ బండి మీద మనిషి పోయాడు. మా దగ్గర అలాంటి బండిని ఇంట్లో ఉంచుకోరు, తెలిసి ఎవరూ కొనరు.

"అన్నా, గది వద్దు. దాని మీద మనిషి సచ్చిండు."

"మనిషి సచ్చిండని గా ఇంజన్‌కేం ఎర్క తమ్మీ?" అని నవ్వాడు.

కొట్టంలో దాన్ని బల్లకు బిగించి పొద్దంతా పూర్తి వేగంతో నడిపించాడు. గాల్లో ఇంజన్‌కు రోడ్డు మీదలా చల్లారే సందు దొరకదు, వేడిని తట్టుకుంటుందో లేదో కిందే తేలాలని ఆయన పట్టుదల. తట్టుకుంది. కానీ స్విచ్ ఆపాక కూడా ఒకటి రెండు చుట్లు తిరిగేది. లోపల మసి నిప్పులా కాలుతుంటే అలా అవుతుందని నాకు తెలుసు. ఆ మసి గీకింది నేనే. గీకాక కూడా తిరిగింది. అది ఎవరి కోసం తిరుగుతోంది? నాకు నిజంగానే భయమేసింది.

ముస్తాబాద్ వైపు ఒక ముసలాయన దగ్గర నల్లగుడ్డ మంత్రింపజేసి తెచ్చుకున్నాను. చెబితే రాజేశమన్న నవ్వుతాడని చెప్పలేదు. ఎగిరే రోజు పొద్దున ఆయన కొబ్బరికాయ కొడుతుంటే, కనబడకుండా ఇంజన్ వెనక, గాలి పీల్చే నోటికి కొంచెం పైన కట్టాను. ఆయన ప్రాణం కాపాడాలనే కట్టాను. గాలి నోటి దగ్గర గుడ్డ ఉండకూడదని మెకానిక్‌కు తెలియదా? తెలుసు. భయం ముందు నా పనితనం నిలవలేదని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను, అదీ సాకేనేమో.

కోతయిన మడుల మీదుగా లేచాడు. చెట్ల ఎత్తు దాటాడు. ఇంజన్ చప్పుడు ఆగిపోయింది. తర్వాత రెక్కల గుడ్డ టపటప కొట్టుకోవడమే వినబడింది.

విమానం మడిలో కూలగానే అందరూ ఆయన దగ్గరికి ఉరికారు. నేను ఇంజన్ దగ్గరికి ఉరికాను. ముడి జారి, గుడ్డ గాలి జాలీకి అతుక్కుని ఉంది. లాగాను. లోపల ఎవరో ఊపిరి తీసుకున్నట్టు చప్పుడైంది, విరిగిన పంకా కాస్త కదిలింది. గుడ్డ వెచ్చగా ఉంది. జేబులో పెట్టుకుని, ఇంటికొచ్చి కాల్చేశాను. ఇప్పటికీ ఏ బండి ఎయిర్ ఫిల్టర్ విప్పినా ఆ వెచ్చదనం వేళ్లకు తగులుతుంది.

రాజేశమన్న బతికాడు. ఒక కాలు వంగదు. సచ్చినోని ఇంజన్ పెడితే గంతే అని ఊరంది. ఆయన మాత్రం తన అంచనాయే తప్పిందనుకున్నాడు. ఇప్పుడు సిరిసిల్లలో మరమగ్గాల మోటార్లు బాగుచేస్తున్నాడు. ఏ మోటారు కొనమంటావని ఎవరడిగినా, "నన్నడుగకుండ్రి, నాకు ఏరుకునుడు రాదు" అంటాడు. నా ముందే అన్నాడు. నేను చాయ్ తాగుతూ తల దించుకున్నాను.

ఆయనకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాటివ్వలేను. మీకు చెప్పినందుకే కాస్త నెమ్మదిగా ఉంది, అందుకూ సిగ్గుగానే ఉంది. అది మంచి ఇంజన్. ఆయన సరైనదే ఏరుకున్నాడు.