కొరికి ఉమ్మిన గింజ

మిర్యాలగూడ రైస్‌మిల్లులో నేను గుమాస్తాగా ఉన్నప్పుడు, లారీల్లో వచ్చిన వడ్లు చూసే పని ఒక కుర్రాడిది. ఇరవై నాలుగేళ్లుంటాయి. వడ్లు అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, ఒక్క గింజ పంటి కింద పెట్టేవాడు. కటుక్కుమంటే ఎండినట్టు. వెంటనే ఉమ్మేసి, మూడుసార్లు నోరు పుక్కిలించేవాడు.

అతని పేగుల్లో పుండ్లు. ఏళ్లతరబడి మందులు వాడినా విరేచనాల్లో నెత్తురు ఆగలేదు. ఒకరోజు ఫోన్‌లో ఏదో ఇంగ్లిష్ పేజీ చూపించి చదవమన్నాడు. ఆదిమానవులు బియ్యం, పప్పు, పాలు ముట్టలేదట, వాళ్లకు ఈ రోగాలు లేవట అని చదివి చెప్పింది నేనే.

ఆ రోజు నుంచి గుడ్లు, మాంసం, ఉడికించిన కూరగాయలే. నెల తిరక్కముందే గోలీలు కూడా మానేశాడు. చిక్కిపోతున్నకొద్దీ నేరం గింజ మీద మోపేవాడు.

"పొద్దుగాల కొరికిన గింజ జర లోపటికి పోయినట్టుంది సార్. ఇంకో నెల సూస్త."

దవాఖానకు పోదాం పదమంటే నవ్వేవాడు. "సదివి చెప్పింది మీరే గద సార్!"

తెలంగాణ వచ్చిన ఏడాది వానాకాలంలో పోయాడు. పాడె మీద పడుకోబెట్టాక, ఆచారం ప్రకారం ఒక్కొక్కరూ వచ్చి నోట్లో బియ్యం పోశారు.

"కడుపునిండ తిని పో బిడ్డా," అంది వాళ్లమ్మ.

నా వంతు వచ్చింది. నేనూ పిడికెడు తీసి పోశాను.

అతను ఉమ్మలేదు.